పదేళ్లలో పుస్తకం ఎంత మారింది? మన ఇంటి కథకు దారి దొరికిందా?

యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో సినిమా కథలు రాసుకునేవాళ్లకు కొదవ లేదు. మన ఇళ్లలో దాదీలు, నానీలు చెప్పే కథలు మాత్రం కాగితం మీదికి వచ్చింది తక్కువే. వాళ్ల మాట ఉర్దూ, పిల్లల చదువు తెలుగో ఇంగ్లిషో. పెద్దవాళ్లు పోతే కథా పోతుంది. పుస్తకం వేయించడం అంటే ఒకప్పుడు పెద్ద ఖర్చు. గత పదేళ్లలో ఆ లెక్క చాలావరకు మారింది.

ఆఫ్‌సెట్ ప్రెస్సులో ముందు ప్లేట్లు చేయించాలి. పది కాపీలైనా, వెయ్యి కాపీలైనా వాటి ఖర్చు ఒకటే. అందుకే వెయ్యి వేయించేవారు, అమ్ముడుపోనివి మంచం కిందికి చేరేవి. డిజిటల్ ప్రింటింగులో ప్లేట్ల పని లేదు. పీడీఎఫ్ ఇస్తే యాభై కాపీలైనా వేస్తారు. ఒక్కో కాపీకి కాస్త ఎక్కువ పడినా, ఒకేసారి పెట్టాల్సిన డబ్బు తక్కువ. పుస్తకానికి గుర్తింపు నంబరు, అంటే ఐఎస్‌బీఎన్ కూడా, 2016 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా తీసుకోవచ్చు.

భారం పెరిగిన చోట్లూ ఉన్నాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకం మీద పన్ను వేయలేదు, కాగితం మీద మాత్రం 12 శాతం వేశారు. పుస్తకం మీద పన్ను లేదు కాబట్టి, కాగితం మీద కట్టింది ప్రచురణకర్తకు తిరిగి రాదు. అది పుస్తకం ధరలోనే కలుస్తుంది. కరోనా తర్వాత చతుర, విపుల లాంటి పత్రికల అచ్చు ఆగింది. కొత్తగా రాసేవారికి కథను దిద్దిపెట్టే సంపాదకుడు అలా కొంత దూరమయ్యాడు.

ఈ-బుక్ సంగతి వేరు. 2016లో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. దానికి తోడు మన పాత పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫైలు మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనబడతాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ ఫోన్‌లోనైనా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు.

తెలుగులో ముస్లిం జీవితం రాసినవాళ్లు లేక కాదు. 1998లో ‘జల్‌జలా’ కవితలు, 2004లో ‘వతన్’ కథలు వచ్చాయి. కాపీలు అయిపోతే అలాంటి పుస్తకాలు మళ్లీ దొరకడమే కష్టం. స్వాతంత్ర్య పోరాటంలో ముస్లింల పాత్ర మీద సయ్యద్ నశీర్ అహమ్మద్ రాసిన పుస్తకాలు కొన్ని తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అందుకే అవి ఇవాళ్టి పిల్లలకూ అందుతున్నాయి. ఉర్దూ లిపి రాని పిల్లలు రేఖ్తా వెబ్‌సైట్‌లో గజళ్లను ఇంగ్లిష్ అక్షరాల్లో చదువుకోవచ్చు.

అచ్చు వేయడం ఇప్పుడు అంత కష్టం కాదు, రాసింది నిలబెట్టుకోవడమే అసలు పని. ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ల ఉర్దూ మాటలు అలాగే ఉంచి తెలుగు లిపిలో, యూనికోడ్‌లో రాయించండి. ప్రెస్సువాళ్ల దగ్గర పీడీఎఫ్ ఒక్కటే కాదు, అసలు ఫైలు కూడా అడిగి తీసుకోండి. యాభై కాపీలు వేయిస్తే రెండు లైబ్రరీకి ఇవ్వండి. మిగిలినవి ఖాందాన్‌లో పంచండి. పెళ్లి కార్డుల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇదేమంత ఎక్కువ కాదు.