కంచు రంగు కౌబాయ్

అమెరికా పశ్చిమ మైదానాల్లో పశువుల మందలను తోలుకుపోయే కౌబాయ్‌లు, బందిపోట్లు, వారిని పట్టుకునే షెరీఫ్‌ల చుట్టూ అల్లిన కథలను వెస్టర్న్ చిత్రాలంటారు. 1930లలో చిన్న నిర్మాణ సంస్థలు వీటిని కొద్ది రోజుల్లోనే, అతి తక్కువ ఖర్చుతో, సుమారు గంట నిడివిలో తీసి, ఒకే టిక్కెట్టుకు రెండు సినిమాలు చూపే థియేటర్లకు అందించేవి. పెద్ద చిత్రానికి తోడుగా నడిచే ఈ చౌక చిత్రాలనే ‘బి’ సినిమాలనేవారు.

వీటిలో కథానాయకుడు దాదాపు ఎప్పుడూ తెల్లవాడే. వాస్తవానికి, అంతర్యుద్ధం తరువాత టెక్సాస్ నుంచి ఉత్తరానికి మందలను నడిపించిన కాపరుల్లో నలుగురిలో ఒకరు నల్లజాతివారని పలువురు చరిత్రకారుల అంచనా. తాడు విసిరి పశువును పట్టే విద్య కూడా ‘వాకెరో’లనే మెక్సికన్ కాపరుల నుంచి వచ్చినదే. చెమటోడ్చి ఆ వృత్తిని నిలబెట్టిన ఇంతమందిని తెర మీద కనబడకుండా చేయడం చిన్న అన్యాయం కాదు.

ఆ అన్యాయానికి తొలి సమాధానాలు కూడా చౌక చిత్రాల నుంచే వచ్చాయి. పరుగెత్తే గుర్రం మీది నుంచి కోడె మీదికి దూకి, కొమ్ములు మెలిపెట్టి దాన్ని పడగొట్టే విద్యకు పేరుపొందిన నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్‌తో రిచర్డ్ నార్మన్ అనే నిర్మాత ‘ది బుల్-డాగర్’ తీసి 1922 ప్రాంతంలో విడుదల చేశాడు. తరువాత 1937లో జాజ్ గాయకుడు హెర్బ్ జెఫ్రీస్ నాయకుడుగా ‘హార్లెం ఆన్ ది ప్రెయిరీ’ వచ్చింది. ఆ వెనుకే రిచర్డ్ కాన్ దర్శకత్వంలో మరో మూడు వచ్చాయి, వాటిలో 1939 నాటి ‘ది బ్రాంజ్ బకరూ’ పేరుకు కంచు రంగు కౌబాయ్ అని అర్థం. హార్లెం న్యూయార్క్ నగరంలోని నల్లజాతివారి పేట కాబట్టి పశువుల మైదానాలతో దానికి సంబంధం లేదు, కానీ పోస్టరు మీద ఆ పేరు కనబడితే చాలు, ఇది తమ సినిమా అని నల్లజాతి ప్రేక్షకులకు తెలిసిపోయేది. దక్షిణ రాష్ట్రాల్లో చాలాచోట్ల వారిని బాల్కనీలో విడిగా కూర్చోబెట్టిన, లేదా అసలు లోపలికే రానివ్వని ఆ రోజుల్లో, తమ రంగువాడు గుర్రమెక్కి పాడుతూ, న్యాయం వైపు నిలిచి గెలవడం చూసిన పిల్లలకు అది ఎంతటి ఊరటో ఊహించవచ్చు.

ఈ చిత్రాల్లో లోపాలు లేకపోలేదు. పాత్రలన్నీ నల్లజాతివారే కావడంతో జాతివివక్ష అనే మాటే కథలోకి రాదు. నాయకుడి పక్కన భయస్థుడైన హాస్యగాడు, తెల్లవారి సినిమాలు ప్రచారం చేసిన మూసలోనే తయారవుతాడు. ఇక అమెరికా మూలవాసుల విషయంలో చౌక వెస్టర్న్‌లు మొత్తంగా చేసిన చేటు చాలా పెద్దది. వందల భాషలు, సంస్కృతులు ఉన్న జాతులను ఈకల తలపాగా ధరించి దాడి చేసే ఒకే గుంపుగా కుదించి, మాటలున్న వేషాలను తరచు రంగు పూసుకున్న తెల్లవారికే ఇచ్చారు. నల్లజాతివారికి హెర్బ్ జెఫ్రీస్ దొరికినట్లు, ఆ కాలపు చౌక వెస్టర్న్‌లలో మూలవాసులకు తమదైన నాయకుడు దొరకలేదు.