లైన్ ప్లాట్‌ను చదవడం, వ్యాఖ్యానించడం

1. పరిచయం

దత్తాంశాన్ని పట్టికగా రాయడం, కమ్మీ చిత్రంగా గీయడం మీకు ఇంతకు ముందే తెలుసు. ప్రాథమికోన్నత తరగతుల గణితంలో వీటి సరసన నిలిచే మరొక చిత్రం లైన్ ప్లాట్. దీనినే డాట్ ప్లాట్ అని కూడా అంటారు. ఒక సంఖ్యారేఖ గీసి, దత్తాంశంలోని ఒక్కొక్క రాశికి ఆ సంఖ్యపైన ఒక్కొక్క ఇంటు గుర్తు పెడితే లైన్ ప్లాట్ తయారవుతుంది. గీయడం ఎంత తేలికో, తప్పుగా చదవడం కూడా అంతే తేలిక. గుర్తు దేనిని సూచిస్తుంది, దాని కింది సంఖ్య దేనిని సూచిస్తుంది అన్న భేదం స్పష్టంగా ఉంటే చాలా పొరపాట్లు తొలగిపోతాయి. ఈ భేదాన్ని ఒక వాస్తవ దత్తాంశంతో పరిశీలిద్దాం.

2. దత్తాంశం నుంచి చిత్రానికి

గత 8 వేసవి ఒలింపిక్ క్రీడల్లో భారతదేశానికి వచ్చిన పతకాలు ఇవి: అట్లాంటా (1996) 1, సిడ్నీ (2000) 1, ఏథెన్స్ (2004) 1, బీజింగ్ (2008) 3, లండన్ (2012) 6, రియో (2016) 2, టోక్యో (2020) 7, పారిస్ (2024) 6. సిడ్నీలో వచ్చిన ఆ ఒక్కటీ కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో గెలిచిన కాంస్య పతకం.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. అడ్డంగా ఒక గీత గీసి, దానిపై 1 నుంచి 7 వరకు సమాన దూరంలో సంఖ్యలు వేయండి. 1 పైన ఒకదానిపై ఒకటిగా మూడు గుర్తులు, 2 పైన ఒకటి, 3 పైన ఒకటి, 6 పైన రెండు, 7 పైన ఒకటి పెట్టండి. 4, 5 పైన గుర్తులేవీ ఉండవు. అయినా ఆ సంఖ్యలను వదిలేయకూడదు. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే.

3. చిత్రాన్ని చదవడం

ఒక గుర్తు అంటే ఒక ఒలింపిక్ క్రీడలు. కింది సంఖ్య అంటే ఆ క్రీడల్లో వచ్చిన పతకాలు. అన్నిటికంటే ఎత్తైన వరుస 1 పైన ఉంది కాబట్టి అక్కడే ఎక్కువ పతకాలు వచ్చాయని కొందరు విద్యార్థులు అంటారు. అది సరికాదు. ఎత్తు తెలిపేది పౌనఃపున్యాన్ని, అంటే ఒక్క పతకమే వచ్చిన సందర్భాలు మూడు అని. కనుక దత్తాంశ బాహుళకం 1. వ్యాప్తి 7 − 1 = 6.

అంకమధ్యమం కనుగొనేటప్పుడు గుర్తులున్న సంఖ్యలను మాత్రమే కూడి (1 + 2 + 3 + 6 + 7 = 19) 5తో భాగిస్తే 3.8 వస్తుంది. ఇది తరచుగా జరిగే పొరపాటు. ప్రతి సంఖ్యను దానిపైనున్న గుర్తులతో గుణించాలి: 3 + 2 + 3 + 12 + 7 = 27. మొత్తం గుర్తులు 8 కాబట్టి అంకమధ్యమం 27 ÷ 8 = 3.375.

మధ్యగతానికీ గుర్తులనే లెక్కించాలి. ఎడమ నుంచి నాలుగో గుర్తు 2 పైన, ఐదో గుర్తు 3 పైన ఉన్నాయి. కాబట్టి మధ్యగతం 2.5.

4. వ్యాఖ్యానించడం

లెక్క పూర్తయింది. ఇప్పుడు చిత్రాన్ని మళ్ళీ చూడండి. గుర్తులు రెండు గుంపులుగా ఉన్నాయి: 1 నుంచి 3 వరకు ఐదు, 6, 7 పైన మూడు. అంకమధ్యమం 3.375 పడేది 3కూ 4కూ నడుమ, ఖాళీ మొదలయ్యే చోట. సగటున మూడు నాలుగు పతకాలు వస్తాయని వింటే, చాలాసార్లు అన్నే వచ్చాయని అనుకుంటాం. నిజానికి 3 వచ్చింది ఒక్కసారి, 4 ఒక్కసారీ రాలేదు. సగటులో తప్పు లేదు, కానీ అది ఈ రెండు గుంపులను కప్పివేస్తుంది. లైన్ ప్లాట్ వాటిని బయటపెడుతుంది.

5. చిత్రం చెప్పనిది

సంవత్సరాల క్రమం ఈ చిత్రంలో లేదు. ఇవే సంఖ్యలు తలకిందులై 6తో మొదలై చివరి మూడుసార్లు 1 చొప్పున వచ్చినా, చిత్రం అణువంతైనా మారదు. అప్పుడు కథ మాత్రం పురోగతి నుంచి క్షీణతకు మారిపోతుంది. కాబట్టి ‘మన పతకాలు పెరుగుతున్నాయా?’ అన్న ప్రశ్నకు జవాబు లైన్ ప్లాట్‌లో వెతకకూడదు. దానికి సంవత్సరాలను చూపే లైన్ గ్రాఫ్ కావాలి. ఎన్నిసార్లు ఎన్ని వచ్చాయన్నది లైన్ ప్లాట్ చెబుతుంది. ఎప్పుడు, ఎందుకు వచ్చాయన్నది చెప్పదు. ఏ చిత్రాన్ని చూసినా ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న: ఇది దేనికి జవాబు చెప్పగలదు?

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

రియోలో 2 బదులు 5 పతకాలు వచ్చి ఉంటే అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, వ్యాప్తిలలో ఏవి మారతాయి? గుంపుల మధ్య ఖాళీ ఏమవుతుంది? మీ చిత్రంలో గుర్తును జరిపి చూశాకే జవాబు చదవండి.

జవాబు: అంకమధ్యమం 3.75 అవుతుంది, మధ్యగతం 4 అవుతుంది. బాహుళకం, వ్యాప్తి మారవు. 5 పైన గుర్తు చేరి కుడి గుంపు పెద్దదవుతుంది. 4 వద్ద మాత్రం ఖాళీ మిగులుతుంది, 2 వద్ద కొత్త ఖాళీ ఏర్పడుతుంది.