రూపం మారిన మనిషి

మనిషి మరొక ప్రాణిగా మారడమనే ఊహ ప్రాచీనమైనది. మహాభారతంలో నహుషుడు శాపవశాన కొండచిలువ అయ్యాడు. అయినా అతని జ్ఞానం నశించలేదు. ధర్మరాజు అతని ప్రశ్నలకు సమాధానాలు చెప్పి శాపవిముక్తి కలిగించాడు.

ఆధునిక రచయితలు ఈ మార్పును మరో విధంగా చిత్రించారు. 1915లో వెలువడిన కాఫ్కా 'మెటమార్ఫసిస్'లో గ్రెగర్ సంసా పురుగుగా మారతాడు. క్రమంగా కుటుంబమే అతనిని దూరం చేసుకొంటుంది. ఫ్రెడరిక్ పోల్ 1976లో ప్రచురించిన వైజ్ఞానిక నవల 'మాన్ ప్లస్'లో మార్పునకు కారణం శాస్త్రమే. కుజగ్రహంపై గాలి పలుచన, చలి తీవ్రం. అక్కడ జీవించడానికి వీలుగా శాస్త్రజ్ఞులు ఒక వ్యోమగామికి కీటకపు కన్నుల వంటి కన్నులనూ, సౌరశక్తిని గ్రహించే రెక్కలనూ అమరుస్తారు. అతడు కుజునికి తగినవాడవుతాడు, భూమికి పరాయివాడవుతాడు.

హైదరాబాదులో యూసుఫ్‌గూడ, ఫిల్మ్‌నగర్ పరిసరాలు తెలుగు చిత్రపరిశ్రమకు నిలయాలు. ఆ పరిశ్రమ నుండి 2012లో వచ్చిన రాజమౌళి చిత్రం 'ఈగ'లోనూ ఇదే ఊహ కనిపిస్తుంది. హత్యకు గురైన నాని ఈగగా పుడతాడు. మాట లేకపోయినా అక్షరాలు రాసి, తానెవరో బిందుకు తెలియజేస్తాడు. ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ జాతీయ పురస్కారాలు లభించాయి.

గ్రెగర్‌ను ఇంటివారు విడిచారు. నహుషుని ధర్మరాజు, నానిని బిందు గుర్తించారు. రూపం మారినవానిలో మనిషిని చూడగలగడం ఎదుటివారి మానవత్వానికి పరీక్ష.