మిగిలిన పశువుల మందులను ఏమి చేయవలెను?

తంబళ్లపల్లె వంటి మెట్ట ప్రాంతమున వాన తప్పి చేను ఎండినను పాడి ఆవు ఇంటిని నిలుపును. ఆ ఆవునకు పొదుగువాపో, జ్వరమో వచ్చినపుడు తెచ్చిన మందులో కొంత కొట్టము గూటిలో మిగిలిపోవును. గడువు తీరిన పిమ్మట దానిని మీరేమి చేయుచున్నారు? పెంటదిబ్బ మీదనో, వంకలోనో విసరివేయుట లేదు గదా?

దిబ్బలో పడిన మందు ఎరువుతో చేనికి చేరును. వంకలో పడినది వాననీటితో చెరువునకు పోవును. క్రిములను చంపు మందు కొద్దికొద్దిగా మట్టిలో, నీటిలో ఉన్నచో బలహీనమైన క్రిములు చచ్చి, మందునకు లొంగనివి మిగిలి వృద్ధి పొందును. రేపు వాటివలన మీ ఆవునకో, బిడ్డకో జబ్బు చేసినచో అదే మందు పనిచేయదు.

మందు చాటున చేయు కీడునకు రాబందులే సాక్ష్యము. నొప్పికి డైక్లోఫినాక్ సూది వేయించుకొని చచ్చిన పశువుల మాంసము తిని, వాటి మూత్రపిండములు చెడిపోయెను. 1992 నుండి 2007 లోపల మన దేశమున తెల్లవీపు రాబందులు వేయింటికి ఒకటిగా మిగిలెను. 2006లో ప్రభుత్వము ఈ మందును పశువులకు వాడరాదని నిషేధించెను. బదులుగా మెలాక్సికామ్ కలదు.

రైతులు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. డాక్టరు వ్రాసినంత మందే కొని, చెప్పినన్ని దినములు పూర్తిగా వాడవలెను.

2. గడువు తీరిన మాత్రలను, సీసాలను మూతగల డబ్బాలో వేసి, పిల్లలకు అందనిచోట ఉంచి, పశువైద్యశాల వారినడిగి అప్పగించవలెను.

3. వాడిన సూదులను గట్టి డబ్బాలో వేయవలెను. వాటికి తిరిగి మూత పెట్టబోయిన వ్రేలికి గుచ్చుకొనును.

4. మందులను పొయ్యిలో కాల్చరాదు. ఖాళీ సీసాలలో నూనె, నీరు పోసికొనరాదు.

5. మందు వేసిన పిమ్మట చచ్చిన పశువును బయట పారవేయక, బావులకు, చెరువులకు దూరముగా లోతుగా పూడ్చవలెను.

2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిబంధనలు ఆసుపత్రులకే గాక పశువైద్యశాలలకును వర్తించును. అచ్చట గడువు తీరిన మందులను పసుపుపచ్చ సంచిలోను, సూదులను గుచ్చుకొనని తెల్లడబ్బాలోను వేరుచేసి శుద్ధి కేంద్రమునకు పంపవలెను. ఆ సంచులు ఊరి చెత్తలో కలియకుండ గ్రామాధికారులు కనిపెట్టియుండవలెను. పంచాయతీ కార్యాలయమున తాళముగల పెట్టె నొకటి ఉంచి, నెలకొకసారి వైద్యశాలకు చేర్చు ఏర్పాటు చేసినచో రైతులకు మిక్కిలి సదుపాయముగా నుండును.

ఈ రోజే మీ కొట్టము గూటిని వెదకి చూడుడు.