పాత చిత్రిక యంత్రమునకు వైద్యము

గుంటూరునుండి విజయవాడకు పోవు దారిలోని పెదకాకానియందు, మల్లేశ్వరస్వామి ఆలయము ముందు, క్రొత్తగా కొన్న వాహనములు పూజకై వచ్చి నిలుచుట చాలమంది చూచియే యుందురు. క్రొత్త వాహనమునకు పూలమాల యున్నది, కంపెనీవారి హామీపత్రమున్నది. పాత యంత్రమును కొన్నవానికి ఈ రెండును లేవు. దాని పూర్వచరిత్ర అమ్మినవానికి తెలియును గాని అతడు చెప్పడు. అది చేసిన పనిని చూచి ఆ చరిత్రను మనమే చదువుకొనవలెను. ఆ చదువును గూర్చి మా అనుభవము నాధారముగా గొని నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఇంటికి కావలసిన తలుపులు, బల్లలు స్వయముగా చేసికొనవలెనను ముచ్చటతో మేము పెదకాకానిలోని మా పెరటి రేకుల షెడ్డులోనికి ఒక పాత చిత్రిక యంత్రమును తెచ్చితిమి. పలకలను మందము తగ్గించు యంత్రము వేరు, ఇది వేరు. వంకర చెక్కకు మొదట ఒక ముఖమును, ఒక అంచును తిన్నగా చేయుట దీని పని. ఆ రెండును తిన్నగా లేనిదే తలుపు చట్రము కుదురదు, బల్ల పలకల అతుకు కలియదు.

దీని నిర్మాణము సులభమే. ఇనుప బల్లలు రెండు. వాని నడుమ గిరగిర తిరుగు కట్టరు బ్లాకు. అందు బిగించిన రెండో మూడో కత్తులు. చెక్కను మనము తోయు బల్లను "ఇచ్చు బల్ల" అనియు, కోత పడిన చెక్కను అందుకొను బల్లను "పుచ్చుకొను బల్ల" అనియు ఇక్కడ పిలుచుకొందము. ఇచ్చు బల్ల ఎంత క్రిందికి దిగిన కోత అంత లోతు. పుచ్చుకొను బల్ల మాత్రము కత్తి మొన తిరుగు వలయము యొక్క శిఖరముతో సమానమైన ఎత్తున నుండవలెను. యంత్రమునందలి రహస్యమంతయు ఈ ఒక్క వాక్యములో నున్నది.

మా యంత్రము చెక్క పొడవునంతటిని చక్కగా నునుపు చేసి, తుదకు రెండు వ్రేళ్ల మేర గుంట పెట్టుచుండెడిది. కత్తులు మొద్దుబారినవని తలచి సానబెట్టించితిమి, గుంట పోలేదు. మరల సానబెట్టించితిమి, డబ్బు పోయినది, గుంట నిలిచినది. ఒకనాడు మా యింట పనికి వచ్చిన వృద్ధ మేస్త్రిగారు చూచి, "అయ్యా, కత్తిని ఎందుకు తిట్టెదరు? చెక్క ఎక్కడ ఆనుచున్నదో చూడండి" అనిరి. అప్పుడుగాని మాకు కన్ను తెరువలేదు.

కారణమిది. పుచ్చుకొను బల్ల కత్తులకంటె క్రిందికి ఉన్నచో, చెక్క ఇచ్చు బల్లపై ఆనియున్నంతవరకు గుట్టు బయటపడదు. తుది భాగము ఇచ్చు బల్లను విడిచినంతనే చెక్క క్రిందికి పడును. కత్తి లోతుగా కొరుకును. అదియే గుంట. దీనికి మారుగా పుచ్చుకొను బల్ల ఎత్తుగా ఉన్నచో చెక్క ముందు కొస దాని అంచునకు తగిలి నిలిచిపోవును. లేదా కోత పోనుపోను పలుచనై చెక్క ఏటవాలుగా తయారగును.

ఎత్తును కొలుచుటకు విలువైన పరికరమక్కరలేదు. ముందుగా ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. స్విచ్చి ఆపిన చాలదు. తరువాత తిన్నని కర్రబద్దను పుచ్చుకొను బల్లపై, దాని కొస కత్తులపైకి వచ్చునట్లు ఉంచి, పుల్లీని చేతితో మెల్లగా త్రిప్పవలెను. కత్తి బద్దను పట్టి కొంత జరుపును. ఆ జరిగిన దూరము 3 మిల్లీమీటర్లయినచో కత్తి బల్లకంటె వెండ్రుకవాసి మాత్రమే ఎత్తున నున్నదని గ్రహింపవచ్చును. మా యంత్రముపై బద్ద 9 మిల్లీమీటర్లు జరిగినది. లెక్క వేయగా ఎత్తులోని భేదము పావు మిల్లీమీటరు! దానికై రెండుమార్లు సాన ఖర్చు పెట్టితిమి. ఈ పరీక్షను ప్రతి కత్తికిని, రెండు కొసలయందును చేయవలెను. అన్నిచోట్లను బద్ద ఒకే దూరము జరిగిననే కత్తులు సమముగా నున్నట్లు.

కత్తులలో ఒకటి మాత్రమే ఎత్తుగా నున్నచో ఏమగును? మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరుగుచు, దాని పుల్లీ 150 మిల్లీమీటర్లు, బ్లాకు పుల్లీ 60 మిల్లీమీటర్లు వ్యాసము గలవైనచో, బ్లాకు 3600 చుట్లు తిరుగును. మూడు కత్తులకు నిమిషమునకు 10800 కోతలు. చెక్కను నిమిషమునకు 6 మీటర్లు తోసిన, మిల్లీమీటరునకు రెండుకు చేరువగా కోతలు పడి ముఖము అద్దమువలె నుండును. ఒక్క కత్తియే పని చేసినచో ఒకటిన్నర మిల్లీమీటరునకు పైగా ఎడముతో అలలు కనబడును. తోయు వేగము హెచ్చినను, పూర్వపు యజమాని పుల్లీలను మార్చినను ఇట్టి అలలే కనబడును. చెక్క పొడవునా సన్నని గీతవలె గట్టు నిలిచినచో అది కత్తి అంచున పడిన గంటు. ఒక కత్తిని ప్రక్కకు కొంచెము జరిపి బిగించిన, ఒకదాని లోపమును మరియొకటి కప్పిపుచ్చును.

బల్లల కొసలు వాలినవా లేచినవా తెలిసికొనుటకు రెండు పొడుగాటి చెక్కల అంచులను చిత్రిక పట్టి, ఒకదానితో నొకటి చేర్చి వెలుతురునకు పట్టి చూడవలెను. నడుమ వెలుతురు కనబడిన అంచులు లోనికి వంగినవి. బల్లల బయటి కొసలు వాలియున్నవి. కొసలయందు వెలుతురు కనబడిన బల్లల కొసలు లేచియున్నవి. బల్ల జారు గాడిలో అరుగుదల యున్నచో పలుచని రేకు ముక్కతో సర్దవచ్చును. అయితే ఒక దినమున ఒకే సర్దుబాటు చేసి చెక్కను పరీక్షింపవలెను. మూడు మరలను ఒకేమారు త్రిప్పినవాడు ఏది రోగమో ఏది మందో ఎరుగలేడు.

అన్ని దోషములను యంత్రముపై మోపుట న్యాయము కాదు. వేపచెక్కలో నార పొరపొరకు ఎదురెదురుగా తిరిగియుండును. ఎటు తోసినను కొంత చెదరును. కోత పలుచగా తీయుటయే దానికి మందు. వేసవి యెండలో సరిచేసిన పలక వానకాలపు చెమ్మకు వంకర తిరిగిన, దోషము చెక్క ఆరుదలలో నున్నది.

ఇక ప్రాణమునకు సంబంధించిన మాట. పాత యంత్రమును తెచ్చిన దినముననే కత్తుల బిగింపు మరలను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. వదులైన కత్తి విసరివేయబడిన తూటాయే. మూడు ఫేజుల మోటారునకు రెండు తీగలు తారుమారైన వెనుకకు తిరుగును. శిఖరమున కత్తులు మనవైపునకు, చెక్కకు ఎదురుగా రావలెను. బేరింగులలో గరగర వినబడినను, బ్లాకును పైకెత్తిన కదలిక తెలిసినను క్రొత్తవి వేయవలెను. పత్తి మిల్లులలో పనిచేసిన మెకానిక్కుల చెవి ఈ విషయమున గొప్ప సహాయము. బ్లాకు గుండ్రముగా కాక చతురస్రముగా నున్న బహుప్రాచీన యంత్రమైనచో దానిని వాడనే రాదు. వ్రేలిని లోనికి లాగికొను చోటు అందు ఎక్కువ.

యంత్రముల అపాయకరభాగములకు రక్షణ తొడుగు ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్ఖానాలను శాసించినది. పెరటి షెడ్డునకు తనిఖీ అధికారి రాడు. అమ్మినవాడు ఊడదీసి మూలను పడవేసిన తొడుగును అడిగి తెచ్చికొనుట మన బాధ్యత. అడుగుకంటె పొట్టి చెక్కను దీనిపై పెట్టరాదు. అరచేతికి బదులు తోపుడు దిమ్మెను వాడవలెను. కండువా, వ్రేలాడు చొక్కా చేతులు, చేతితొడుగులు దరికి రానీయరాదు. కోత ఒక మిల్లీమీటరునకు మించరాదు.

ఇప్పుడు మా యంత్రము గుంట పెట్టుట లేదు. ఆ పాత గుంటలు పడిన పలకను మాత్రము పారవేయక షెడ్డు గోడకు తగిలించితిమి. ఏదేని చెడినప్పుడు దానిని చూచి, చేతికి పనిముట్టు తీసికొనుటకు ముందు, చెక్క ఎక్కడ ఆనుచున్నదో చూచుకొందుము.