మర్మావయవములపై పులిపిరికాయలు: చికిత్సా మార్గములు

చలిజ్వరము సోకినచో ఆ సంగతి వీధియంతటికిని తెలియును. ఇరుగుపొరుగువారు వచ్చి పరామర్శింతురు. మర్మావయవములపై పులిపిరికాయలు లేచినచో మాత్రము రోగి ఆ మాటను ఇంటివారికైనను చెప్పుకొనడు. ఈ సంకోచము వలన, చికిత్సకు లొంగెడి వ్యాధి ముదురుటయే గాక, ఒక్కొక్కచోట కాపురములు సైతము చెడుచున్నవి. పూర్వము విశాఖపట్నము జిల్లాలోనుండి, 2022 ఏప్రిల్ మొదలుకొని అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము ప్రాంతపు పంచాయతీ సభ్యులకు ఈ విషయములు తెలిసియుండుట అవసరమని తలచి ఇచ్చట వివరించుచున్నాము.

వ్యాధికి కారణము

ఈ పులిపిరులకు మూలము హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మజీవి. దీనిలో అనేక రకములు కలవు. ఈ పులిపిరులలో నూటికి సుమారు 90 వంతులకు 6, 11 సంఖ్యలుగల రకములే కారణము. ఇవి సాధారణముగా క్యాన్సరుగా మారవు. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు కలిగించునవి 16, 18 మొదలగు వేరు రకములు. ఈ సంబంధమును కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది.

వ్యాధి స్త్రీపురుష సంపర్కమున చర్మమునకు చర్మము తగులుటచే వ్యాపించును. కలసి భుజించుట వలనగాని, ఒకే చెరువులో స్నానము చేయుట వలనగాని అంటదు. వైరస్ దేహమున చేరిన పిమ్మట పులిపిరులు పైకి కనబడుటకు వారములు, నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. పెక్కుమందిలో అసలే కనబడవు. కావున ఎవరినుండి ఎవరికి ఎప్పుడు సోకినదో ఏ వైద్యుడును నిర్ణయించి చెప్పజాలడు.

నాటువైద్యము వలన హాని

సున్నము, సోడా కలిపి పూయుట, వెంట్రుకతో బిగించి కట్టుట, బ్లేడుతో కోయుట, బ్యాటరీ ఆమ్లమును అద్దుట మొదలగు పనులు ఎన్నడును చేయరాదు. మర్మావయవముల చర్మము మిక్కిలి సుకుమారమైనది. అది కాలి పుండుపడును, రక్తస్రావమగును, చీముపట్టును, మూత్రద్వారము ముడుచుకొనిపోవచ్చును. చేతులపై, పాదములపై లేచు పులిపిరులకని అంగళ్లలో అమ్ముడగు మందులనుగూడ ఇచ్చట వాడరాదు. సూది మందులు పొడిచి ఒక్కదినములో కుదుర్తునని చెప్పువారిని నమ్మరాదు. ఇది వైరస్ వ్యాధి గనుక యాంటీబయాటిక్ మందుల వలన ప్రయోజనము లేదు.

వైద్యులు చేయు చికిత్సలు

మొదట వ్యాధిని సరిగా గుర్తింపవలెను. సిఫిలిస్ అను సవాయి రోగమునందును ఈ స్థలముననే తడిగానుండు బల్లపరుపు కాయలు లేచును. దానికి పెన్సిలిన్ ఇచ్చిన నయమగును. అందువలన వైద్యులు రక్తపరీక్ష చేయింతురు, హెచ్.ఐ.వి. పరీక్షయు చేయించుకొనుట మంచిది.

పులిపిరులను పోగొట్టుటకు పలు మార్గములు కలవు. రోగి ఇంటివద్ద పూసికొనదగిన మందులు రెండు. మొదటిది పోడోఫిల్లోటాక్సిన్ ద్రావణము. దీనిని ఉదయము, రాత్రి చొప్పున మూడు దినములు పూసి నాలుగు దినములు మానవలెను. ఇట్లు నాలుగు వారములవరకు చేయవచ్చును. రెండవది ఇమిక్విమాడ్ లేపనము. దీనిని వారమునకు మూడు రాత్రులు పూసి ఉదయమున కడుగవలెను. ఇది 16 వారములవరకు పట్టవచ్చును.

వైద్యుడే చేయవలసిన చికిత్సలు మరికొన్ని. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించుట ఒకటి. దీనిని ఒకటి రెండు వారములకొకసారి మరల చేయుదురు. ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లమును పులిపిరిపై మాత్రమే అద్దుట మరియొకటి. హిమాలయములలో పెరుగు పోడోఫిల్లమ్ మొక్క వేరునుండి తీయు పోడోఫిలిన్ 1942 నుండి ఈ వ్యాధికి వాడుకలోనున్నది. పూసిన పిదప ఒకటి మొదలు నాలుగు గంటలలో దానిని కడిగివేయవలెను. కాయలు పెద్దవియైనచో మత్తుసూది ఇచ్చి విద్యుత్తుతో కాల్చుటయో, కోసి తీయుటయో చేయుదురు.

గర్భిణీ స్త్రీలు పోడోఫిలిన్, పోడోఫిల్లోటాక్సిన్, ఇమిక్విమాడ్ వాడరాదు. తాము గర్భవతులమని వారు మొదటనే వైద్యునికి తెలుపవలెను.

ఏ చికిత్సయైనను కాయలను పోగొట్టునేగాని వైరస్‌ను పూర్తిగా నిర్మూలింపజాలదు. మొదటి మూడు నెలలలో అవి తిరిగి లేచుట సామాన్యము. బెల్లపు గానుగల కాలములో పని మానలేక చికిత్సను నడుమ విడిచినవారు ఇది గమనింపవలెను. కొందరికి ఏ చికిత్సయు లేకయే కాయలు రాలిపోవుటయు కలదు.

ఎచ్చటికి పోవలెను?

మొదట చోడవరము ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యునికి చూపవచ్చును. అవసరమైనచో అనకాపల్లి జిల్లా ఆసుపత్రికిగాని, విశాఖపట్నమున 1923లో ఏర్పడిన కింగ్ జార్జి ఆసుపత్రిలోని చర్మ, సుఖవ్యాధుల విభాగమునకుగాని పోవచ్చును. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ వ్యాధులకు ‘సురక్ష’ క్లినిక్కులు కలవు. భార్యాభర్తలిరువురును కలిసి పోవుట మేలు.

నివారణ

నిరోధ్ వాడుక వలన వ్యాధి సోకుట తగ్గును. అది కప్పని చర్మమునుండి సోకవచ్చును గనుక పూర్తిగా ఆగదు. టీకాలును కలవు. పూనాలోని సీరం సంస్థవారు తయారుచేసి 2023 జనవరిలో విడుదల చేసిన ‘సెర్వావాక్’ టీకా 6, 11, 16, 18 రకములనుండి కాపాడును. దీనిని 9 మొదలు 14 ఏండ్ల వయసులో వేయించుట శ్రేష్ఠము. అప్పటికే లేచిన కాయలను టీకా మాన్పదు. 30 ఏండ్లు దాటిన స్త్రీలు, పులిపిరులున్నను లేకున్నను, గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకొనవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

కోడలికి ఈ వ్యాధి కనబడినదని పుట్టింటికి పంపివేయుట, ఆ తగవు పెద్దలయెదుటికి వచ్చుట జరుగవచ్చును. పులిపిరికాయ నడవడికి సాక్ష్యము కాజాలదు. పెండ్లికి పూర్వము భర్తకు సోకినదే యేండ్ల తరువాత భార్యయందు బయటపడియుండవచ్చును. కనుక సభ్యులు ఇట్టి తగవును రచ్చబండపై విచారింపరాదు. ఆ దంపతులను ఆసుపత్రికి పంపవలెను. రోగి పేరు ఎచ్చటను పలుకరాదు. ఆశా కార్యకర్తలును ఏ.ఎన్.ఎం.లును ఈ విషయమును స్త్రీలతో చాటుగా మాటాడుటకు వీలు కల్పింపవలెను. గ్రామ ఆరోగ్య సంఘ సమావేశములలో ఎవరి పేరును ఎత్తకయే పై సంగతులను ఒక్కసారి చదివి వినిపించినచో, మరుగున బాధపడుచున్నవారు వైద్యునికడకు పోవుటకు ధైర్యము చిక్కునని మా విశ్వాసము.