చట్టమున్నది, సాక్షి యేడి?



ఈ దినము ఒక చేదు సంగతిని ఆలోచించుకుందాం. కులం పేరిట అన్యాయం జరిగినప్పుడు బాధితునికి న్యాయం దొరకడం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. అవి వార్త, చట్టం, మనుష్యుల మనస్సు. వీటిలో ఏది తప్పిపోయినా న్యాయం కుంటుపడుతుంది.

1985 జూలైలో కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర తగవు మొదలైంది. త్రాగే నీటిని పాడుచేయవద్దని మాదిగపల్లె వారు అడిగారు. మరునాడు, జూలై 17న, పల్లెపై దాడి చేసి ఆరుగురిని చంపారు. మిగిలినవారు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ వార్త రాష్ట్రమంతటా ప్రాకింది, ప్రజలు కదిలారు, దళిత మహాసభ పుట్టింది. ఇటువంటి ఘోరాల నేపథ్యంలోనే 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చూశారా? వార్త ప్రజలను కదిలిస్తే, ప్రజలు ప్రభుత్వాన్ని కదిలించారు.

అయితే చట్టం వచ్చినంత మాత్రాన చాలిందా? లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. సినిమా హాలులో కాలు తగిలిందన్న తగవు సాంఘిక బహిష్కరణగా ముదిరి, చివరకు హత్యలకు దారితీసింది. ఆ గ్రామంలోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని ఆ తీర్పును కొట్టివేసింది.

ప్రియులారా, చట్టానికి కన్నులు సాక్షులే. చూసినవాడు మాకెందుకని తలుపు వేసుకుంటే చట్టం ఏమి చేయగలదు? పత్రిక కూడా అంతే. ఒక గుంపు తరిమి కొట్టిన సంగతిని 'ఇరువర్గాల ఘర్షణ' అని వ్రాస్తే, కొట్టినవాడు, దెబ్బతిన్నవాడు ఒక్కటైపోతారు. చదివినవారు, ఇద్దరిదీ తప్పేలెమ్మని పేజీ త్రిప్పేస్తారు.

మరి మన సంగతి? టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతిని తప్పంటాము. మన సంఘంలో బల్లలు ఎవరికి, చాపలు ఎవరికి? సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది విశ్వాసమా, కులమా? సమాధుల తోటలో కూడా గీత గీశామా? ధనవంతునికి మంచి ఆసనం, దరిద్రునికి పాదాల చెంత చోటు ఇచ్చేవారిని యాకోబు భక్తుడు గద్దించిన సంగతి మీరెరుగుదురు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో ఎవరికైనా అన్యాయం జరిగితే వారి ఇంటికి వెళ్లండి. ఫిర్యాదు వ్రాయడానికి తోడు నిలవండి. చూసినది చూసినట్లు చెప్పండి. సాక్ష్యం అనే మాట ఆరాధనలో ఎన్నోసార్లు పలికే మనము, దానిని పోలీస్ స్టేషనులోను, కోర్టులోను పలకడానికి వెనుదీయకుందుము గాక. ఆమేన్.